‘అందింది’ అనే జవాబుకు విలువెంత? ట్రేసింగ్ రిసీవర్ కాన్ఫిగరేషన్‌పై ఒక విశ్లేషణ

ఒక రిక్వెస్టు ఏయే సర్వీసుల గుండా, ఎంతసేపు నడిచిందో చెప్పే రికార్డు ట్రేస్, అందులో ఒక్కో అడుగు స్పాన్. అప్లికేషన్ల నుంచి వాటిని తీసుకుని స్టోరేజీకి చేరవేసే ప్రోగ్రామే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్. అందులో ట్రేస్ డేటా అందుకునే రిసీవర్ పెట్టడానికి ఐదారు లైన్ల యామల్ (కాన్ఫిగరేషన్ ఫైళ్లు రాసే ఫార్మాట్) చాలు. రిసీవర్ల కింద ఓటీఎల్‌పీ (ఓపెన్‌టెలిమెట్రీ సొంత ప్రోటోకాల్) అన్న పేరు, దాని కింద జీఆర్‌పీసీ, హెచ్‌టీటీపీ అనే రెండు ప్రోటోకాళ్లు, ఒక్కోదానికి ఒక అడ్రసు, ఒక పోర్టు. కిందనున్న సర్వీస్ విభాగంలో ట్రేసుల పైప్‌లైన్‌కు, అంటే రిసీవర్ నుంచి మొదలై మధ్యలో ప్రాసెసర్లు, చివర డేటాను బయటికి పంపే ఎక్స్‌పోర్టర్ దాకా సాగే వరసకు, ఆ రిసీవర్ పేరు తగిలిస్తే అయిపోయింది. ఈ చివరి ముక్క మరిచిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. పైన ఎంత వివరంగా రాసినా, ఏ పైప్‌లైన్‌లోనూ పేరు లేని రిసీవర్‌ను కలెక్టర్ అసలు మొదలుపెట్టదు, పోర్టు తెరవదు. తప్పని కేకలు కూడా వేయదు.

ఆ ఐదారు లైన్లతో స్పాన్లు వస్తాయి, తెరమీద ట్రేసులు కనిపిస్తాయి, చాలా పాఠాలు అక్కడితో ముగుస్తాయి. ముగియకూడదు. రిసీవర్ ప్రతి రిక్వెస్టుకూ ఒక జవాబు ఇస్తుంది. ‘అందింది’ అని జవాబు రాగానే పంపినవైపు ఆ స్పాన్లను మెమరీలోంచి తుడిచేస్తుంది. అప్పటినుంచి ఆ డేటాకు పూచీ కలెక్టర్‌దే. ఆ మాట చెప్పేటప్పటికి డేటా నిజంగా ఎక్కడుంది? మెమరీలోనా, డిస్క్ మీదా, ఇంకా దారిలోనేనా? చెప్పలేని పరిస్థితి వస్తే కలెక్టర్ ఏ రకంగా కాదంటుంది? రిసీవర్ సెట్టింగుల్లో ముఖ్యమైనవన్నీ చుట్టూ తిరిగి ఈ ప్రశ్నల దగ్గరికే వస్తాయి.

ఇలా జవాబు ఇవ్వడమనేది మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. గూగుల్ తన డాపర్ వ్యవస్థ గురించి 2010లో పత్రం ప్రచురించాక, ఆ ఆలోచనలతో ట్విటర్ కట్టిన జిప్‌కిన్ 2012లో ఓపెన్ సోర్సుగా బయటికొచ్చింది. ఉబర్‌లో పుట్టిన జేగర్ 2017లో వచ్చింది. ఎవరి ఫార్మాట్ వారిది, ఎవరి పోర్టులు వారివి. జిప్‌కిన్‌ది 9411. జేగర్‌కైతే ఏజెంటు వినే యూడీపీ పోర్టు 6831, కలెక్టర్‌కు నేరుగా హెచ్‌టీటీపీలో పంపితే 14268, జీఆర్‌పీసీలో పంపితే 14250. జేగర్ ఏజెంట్ పద్ధతిలో అప్లికేషన్ తన స్పాన్లను అదే మెషీన్‌లో ఉన్న ఏజెంటుకు యూడీపీ ప్యాకెట్లుగా విసిరేసేది. వేగంగానే ఉండేది, అప్లికేషన్ దేనికోసమూ ఆగేది కాదు. కానీ యూడీపీలో జవాబు ఉండదు. ఏజెంటు నిద్రపోతున్నా, ప్యాకెట్ 65,000 బైట్ల డీఫాల్ట్ హద్దు దాటినా, కెర్నెల్ బఫర్ నిండినా, స్పాన్లు చప్పుడు లేకుండా పోయేవి. ట్రేసులో మధ్య కొమ్మలు ఎందుకు లేవో వెతకడం అప్పట్లో ఒక ప్రత్యేక విద్య.

ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ ప్రాజెక్టులు 2019లో కలిసి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాక ఓటీఎల్‌పీ ఉమ్మడి ప్రోటోకాల్‌గా నిలబడింది. జీఆర్‌పీసీకి 4317, హెచ్‌టీటీపీకి 4318. అంతకుముందు కొంతకాలం 55680 వాడేవారు, పాత కాన్ఫిగరేషన్ ఫైళ్లలో అది ఇప్పటికీ తగులుతుంది. 2024 నవంబరులో వచ్చిన జేగర్ రెండో వెర్షన్ ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ మీదే కట్టినది. అంటే ఒకచోట నేర్చుకున్న రిసీవర్ కాన్ఫిగరేషన్ అక్కడా పనికొస్తుంది. జిప్‌కిన్, జేగర్ ఫార్మాట్లకు వేరే రిసీవర్లు కలెక్టర్‌లో ఉన్నాయి. పాత అప్లికేషన్లు కొత్తవాటికి మారేదాకా వాటిని పక్కన నడపవచ్చు. ఇక్కడినుంచి మాట మాత్రం ఓటీఎల్‌పీ గురించే.

ఏ అడ్రసు మీద వినాలి

మొదటి లైన్‌లోనే మొదటి గొడవ. 2024 మధ్యలో వచ్చిన 0.104.0 వెర్షన్ దాకా రిసీవర్‌కు అడ్రసు ఇవ్వకపోతే 0.0.0.0 మీద, అంటే మెషీన్‌కు ఉన్న అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల మీదా వినేది. ఆ వెర్షన్ నుంచి డీఫాల్ట్ లోకల్‌హోస్ట్‌కు మారింది. భద్రత దృష్ట్యా సరైన మార్పే. కానీ కంటెయినర్లలో నడిపేవాళ్లకు రాత్రికి రాత్రి ట్రేసులు ఆగిపోయాయి. కంటెయినర్ లోపలి లోకల్‌హోస్ట్ ఆ కంటెయినర్‌కే పరిమితం. బయటినుంచి పోర్టును ఎంత పబ్లిష్ చేసినా లోపల ఆ ఇంటర్‌ఫేసు మీద వినేవాళ్లు ఉండరు. కలెక్టర్ లాగ్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది, పంపేవాళ్లకు మాత్రం కనెక్షన్ తిరస్కరించారన్న ఎర్రర్ వస్తుంది.

అందరూ చెప్పే చిట్కా 0.0.0.0 అని రాసేయమని. కంటెయినర్ లోపల, చుట్టూ నెట్‌వర్క్ పాలసీ ఉన్నచోట అది పెద్ద తప్పు కాదు. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్‌లో అయితే పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల గుంపు) ఐపీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇచ్చి, దాన్నే ఎండ్‌పాయింట్‌లో వాడటం ఇంకా శుభ్రమైన పద్ధతి. పబ్లిక్ ఐపీ ఉన్న వర్చువల్ మెషీన్ మీద అదే లైన్ రాయడం వేరే సంగతి. ట్రేస్ డేటాలో రహస్యాలేముంటాయని అనిపించవచ్చు. ఈ రిసీవర్ తనలో ఉన్న డేటాను ఎవరికీ ఇవ్వదు, నిజమే. కానీ ఎవరు పడితే వాళ్లు ఇచ్చినదాన్ని తీసుకుంటుంది. బయటివాళ్లు అబద్ధపు స్పాన్లతో స్టోరేజీ నింపవచ్చు, బిల్లు పెంచవచ్చు, మెమరీ తినిపించి కలెక్టర్‌ను పడగొట్టవచ్చు. ఇక దారిలో వినేవాళ్ల కోణంలో చూస్తే, స్పాన్ల అట్రిబ్యూట్లలో, అంటే వాటికి తగిలించే వివరాల్లో, పూర్తి యూఆర్‌ఎల్‌లు, ఎస్‌క్యూఎల్ వాక్యాలు, ఒక్కోసారి వాడుకరుల ఐడీలూ ఉంటాయి. ఎన్‌క్రిప్షన్ లేకుండా నెట్‌వర్క్ దాటాల్సిన సరుకు కాదది.

చెప్పకపోతే రిసీవర్ టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) వాడదు. సర్టిఫికెట్ ఫైలు, కీ ఫైలు రెండూ ఇస్తే వాడుతుంది. క్లయింట్ల సర్టిఫికెట్లను కూడా సరిచూడాలంటే వాటిని జారీచేసిన అథారిటీ ఫైలును క్లయింట్ సీఏ అనే సెట్టింగులో ఇవ్వాలి. అప్పుడది రెండువైపుల టీఎల్‌ఎస్ అవుతుంది. ఉత్త సీఏ ఫైలు అనే సెట్టింగు వేరే ఉంది, సర్వర్ వైపు అది ఈ పని చేయదు. పేర్లు దగ్గరగా ఉండటంవల్ల చాలామంది అక్కడ రాసి, క్లయింట్లను సరిచూస్తున్నామనే భ్రమలో ఉండిపోతారు. సర్టిఫికెట్లు తరచూ మారే చోట రీలోడ్ వ్యవధిని కూడా పెట్టాలి. లేకపోతే డిస్క్ మీద కొత్త సర్టిఫికెట్ వచ్చినా, ప్రాసెస్ మళ్లీ మొదలయ్యేదాకా పాతదే చూపిస్తుంది. ఆ పాతది గడువు తీరిన రోజున అన్ని సర్వీసుల ట్రేసులూ ఒక్కసారే మాయమవుతాయి.

టోకెన్లతో గుర్తింపు కావాలంటే మూడు చోట్ల రాయాలి. ఆథెంటికేటర్‌ను ఎక్స్‌టెన్షన్‌గా నిర్వచించాలి, సర్వీస్ విభాగంలోని ఎక్స్‌టెన్షన్ల జాబితాలో చేర్చాలి, రిసీవర్ ప్రోటోకాల్ కింద దాని పేరు చెప్పాలి. జీఆర్‌పీసీ కింద చెప్పి హెచ్‌టీటీపీ కింద మరిచిపోతే 4317కు తాళం, 4318 బార్లా తెరిచే. ఒకే మెషీన్‌లో, ఒకే పాడ్‌లో సైడ్‌కార్‌గా, అంటే అప్లికేషన్ పక్కనే, నడిచే కలెక్టర్‌కు మాత్రం ఇదంతా అక్కర్లేదు, లోకల్‌హోస్ట్ హద్దే సరిపోతుంది.

రెండు పోర్టులూ ఎందుకు

జీఆర్‌పీసీ ఒక్కటి చాలదా అన్న ప్రశ్నకు నిజమైన సమాధానం పంపేవాళ్ల చేతిలో ఉంది. ఏ ఎస్‌డీకే (అప్లికేషన్‌లో ఉండి స్పాన్లు పుట్టించి పంపే లైబ్రరీ) డీఫాల్ట్‌గా ఏ ప్రోటోకాల్ వాడుతుందన్నది భాషను బట్టి, వెర్షన్‌ను బట్టి మారుతుంది. జావా ఏజెంట్ తన 2.0 వెర్షన్‌లో డీఫాల్ట్‌ను జీఆర్‌పీసీ నుంచి హెచ్‌టీటీపీ ప్రోటోబఫ్‌కు మార్చింది. కలెక్టర్‌లో 4317 మాత్రమే తెరిచి ఉన్నచోట, లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసిన టీముకు తాము ముట్టుకోని ట్రేసింగ్ ఎందుకు ఆగిందో అర్థం కాదు. రెండు పోర్టులూ తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా, కాబట్టి తెరిచి ఉంచడమే మేలు.

హెచ్‌టీటీపీలో ఇంకో చిన్న ముడి ఉంది. ట్రేసులు చేరాల్సిన దారి వీ1, దాని కింద ట్రేసెస్. ఎస్‌డీకేకు అన్ని సిగ్నళ్లకూ వర్తించే ఉమ్మడి ఎండ్‌పాయింట్ వేరియబుల్ ఇస్తే ఆ దారిని అదే చివర చేర్చుకుంటుంది. ట్రేసులకే ప్రత్యేకించిన వేరియబుల్ ఇస్తే మాత్రం ఉన్నది ఉన్నట్టు వాడుతుంది, ఏమీ చేర్చదు. రెండోదానిలో ఉత్త హోస్టు, పోర్టు రాస్తే రిసీవర్ 404 అంటుంది. రిసీవర్ కాన్ఫిగరేషన్‌ను ఎన్నిసార్లు తిరగరాసినా ఇది తీరదు, ఎందుకంటే తప్పు అటువైపు ఉంది.

బ్రౌజర్‌లోంచి నేరుగా స్పాన్లు పంపాలంటే హెచ్‌టీటీపీ తప్ప దారి లేదు, దానికి సీఓఆర్‌ఎస్ (వేరే సైటు పేజీల నుంచి వచ్చే రిక్వెస్టులకు అనుమతి ఇచ్చే పద్ధతి) సెట్టింగులో అనుమతించే ఆరిజిన్లను, అంటే సైటు చిరునామాలను, రాయాలి. అనుమతి లేని ఆరిజిన్ నుంచి పంపితే బ్రౌజరే అడ్డుకుంటుంది, కలెక్టర్ లాగ్‌లో దాని ఊసే ఉండదు. అన్ని ఆరిజిన్లకూ వర్తించే నక్షత్రం గుర్తు పెట్టడం పరీక్షలకు సరే, ప్రజల ముందుకు వెళ్లే కలెక్టర్‌కు తగదు. అసలు బ్రౌజర్ల కోసం విడిగా ఒక కలెక్టర్ నడపడమే క్షేమం. అది ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంటుంది గనక దాని హద్దులు వేరు, దాని మీద నమ్మకమూ వేరు.

జీఆర్‌పీసీ వైపు ఎదురయ్యే ఇబ్బంది లోడ్ పంపకంలో ఉంది. ఈ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ2 మీద నడుస్తుంది, ఒక కనెక్షన్ తెరిచి దాని మీదే గంటల తరబడి రిక్వెస్టులు పంపుతూ ఉంటుంది. కుబర్నెటీస్ సర్వీస్ లాంటి కనెక్షన్ స్థాయి లోడ్ బ్యాలెన్సర్ ముందుంటే, ఏ కలెక్టర్‌ను ఎంచుకోవాలన్న నిర్ణయం కనెక్షన్ తెరిచినప్పుడు ఒక్కసారే జరుగుతుంది. లోడ్ పెరిగి కలెక్టర్లను మూడు నుంచి ఆరుకు పెంచినా కొత్త మూడూ ఖాళీగా కూర్చుంటాయి, పాత మూడూ ఉక్కిరిబిక్కిరవుతాయి. దీనికి మందు రిసీవర్ కీప్‌ఎలైవ్ సెట్టింగుల్లో ఉంది. కనెక్షన్‌కు గరిష్ఠ వయసు పెడితే ఆ సమయం దాటాక సర్వర్ మర్యాదగా మూసేయమంటుంది, క్లయింట్ మళ్లీ కనెక్ట్ అవుతూ వేరే కలెక్టర్ దగ్గరికి వెళ్లే అవకాశం దొరుకుతుంది. డీఫాల్ట్‌లో ఈ వయసుకు హద్దు లేదు. చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తి చేసుకోవడానికి ఇచ్చే అదనపు గడువుకూ డీఫాల్ట్‌లో హద్దు లేదు, దాన్ని మరీ తక్కువగా పెడితే మాత్రం ప్రతి మూసివేతకూ కొన్ని బ్యాచ్‌లు మధ్యలో తెగుతాయి.

అదే కీప్‌ఎలైవ్ విభాగంలో ఇంకో నియమం: క్లయింట్ పింగులు మరీ తరచుగా పంపకూడదు. గో భాషలోని జీఆర్‌పీసీ సర్వర్ డీఫాల్ట్‌గా ఒక్కో పింగ్‌కు మధ్య 5 నిమిషాల ఎడం ఆశిస్తుంది. మధ్యలో ఫైర్‌వాల్ కనెక్షన్లు తెంచుతోందని క్లయింట్ వైపు పింగ్ వ్యవధిని 30 సెకన్లకు దించితే, పింగులు ఎక్కువయ్యాయని సర్వరే కనెక్షన్ మూసేస్తుంది. తెగకుండా ఉండాలని చేసిన పనివల్లే తెగుతుందన్నమాట. ఒకవైపు మార్చితే రెండోవైపు కనీస వ్యవధినీ మార్చాలి.

ఎంత పెద్ద సందేశం దాకా

జీఆర్‌పీసీలో రిసీవర్ ఒక సందేశంగా తీసుకునే గరిష్ఠ పరిమాణం డీఫాల్ట్‌గా 4 ఎంఐబీ. హెచ్‌టీటీపీలో రిక్వెస్ట్ బాడీకి 20 ఎంఐబీ. 4 అంటే చాలా ఎక్కువని అనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడాలి. ఎస్‌డీకే బ్యాచ్ ప్రాసెసర్ ఒక్కసారికి 512 స్పాన్ల దాకా పంపుతుంది. ఒక్కో స్పాన్‌లో పొడవాటి ఎస్‌క్యూఎల్, స్టాక్ ట్రేస్ కలిపి 10 కేబీ ఉంటే మొత్తం 5 ఎంబీ దాటుతుంది. అంతా మామూలుగా ఉన్నప్పుడు ఇలా జరగదు. ఎర్రర్లు వరసగా వస్తున్నప్పుడే స్పాన్లు స్టాక్ ట్రేసులతో బరువెక్కుతాయి. ట్రేసులు అన్నిటికన్నా అవసరమైన గంటలోనే బ్యాచ్‌లు హద్దు దాటుతాయి.

హద్దు దాటితే సర్వర్ రిసోర్స్ ఎగ్జాస్టెడ్ అనే కోడ్ ఇస్తుంది. ఓటీఎల్‌పీ నిబంధన ప్రకారం ఈ కోడ్‌తో పాటు ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలో సమాచారం ఉంటేనే క్లయింట్ తిరిగి పంపాలి, లేకపోతే ఆ బ్యాచ్‌ను వదిలేయాలి. పరిమాణం వల్ల వచ్చిన తిరస్కరణకు ఆ సమాచారం ఉండదు. కాబట్టి 512 స్పాన్లూ ఒక్క దెబ్బకు పోతాయి, అందులో చిన్నవీ ఉన్నా సరే. పైగా ఈ తిరస్కరణ రిసీవర్ కోడ్ దాకా చేరకముందే జీఆర్‌పీసీ పొరలో జరుగుతుంది. రిసీవర్ తిరస్కరించిన స్పాన్ల లెక్కలో ఇవి కనిపించవు. డాష్‌బోర్డులో సున్నా ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే మోసపోయినట్టే.

కలెక్టర్ల వెనక కలెక్టర్లు ఉన్న అమరికలో, అంటే ప్రతి మెషీన్ మీదా ఒక ఏజెంట్ కలెక్టర్, వాటన్నిటికీ ఒక గేట్‌వే కలెక్టర్ ఉన్నచోట, ఇది ఇంకా సులువుగా తగులుతుంది. కలెక్టర్‌లోని బ్యాచ్ ప్రాసెసర్ డీఫాల్ట్‌గా 8192 స్పాన్లు పోగయ్యాక, లేదా 200 మిల్లీసెకన్లు గడిచాక పంపుతుంది. ఆ 8192 పంపడం మొదలుపెట్టే గుర్తు మాత్రమే, పై హద్దు కాదు. పై హద్దుకు గరిష్ఠ బ్యాచ్ పరిమాణమని వేరే సెట్టింగు ఉంది, దాని డీఫాల్ట్ సున్నా, అంటే హద్దు లేదు. ఏజెంట్ దగ్గర 8192 పోగేసి, గేట్‌వే దగ్గర 4 ఎంఐబీ హద్దు ఉంచితే సగటు స్పాన్ 512 బైట్లు దాటగానే గొడవ మొదలవుతుంది. స్పాన్ 512 బైట్లు దాటడం ఏమంత కష్టం కాదు. గేట్‌వే హద్దును 16 ఎంఐబీకో అటూఇటూగానో పెంచడం, ఏజెంట్ దగ్గర గరిష్ఠ బ్యాచ్ పరిమాణాన్ని స్పష్టంగా రాయడం, ఈ రెండూ కలిపి చేస్తేనే పని జరుగుతుంది. వీటికన్నా మూలం దగ్గర, ఎస్‌డీకేలో అట్రిబ్యూట్ విలువల పొడవుకు హద్దు పెట్టడం మంచిది. 200 కేబీ ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని స్పాన్‌లో ఎవరూ చదవరు.

హద్దును వందల ఎంఐబీలకు పెంచేసి చేతులు దులుపుకోవడం ఎందుకు కుదరదంటే, సందేశం కుదించి వస్తుంది, మెమరీలో విప్పుకోవాల్సింది కలెక్టరే. కావాలని తయారుచేసిన చిన్న ఫైలు విప్పగానే గిగాబైట్లకు ఉబ్బి ప్రాసెస్‌ను పడగొట్టే దాడి కొత్తదేమీ కాదు. సీవీఈ 2024-36129 అనే నంబరుతో కలెక్టర్‌లోనే ఆ లోపం బయటపడింది, 0.102.1 వెర్షన్‌లో సరిచేశారు. అంతకన్నా పాత కలెక్టర్‌ను బయటి నెట్‌వర్క్‌కు తెరిచి ఉంచినవాళ్లు మిగతా సెట్టింగులు చూసేలోగా వెర్షన్ మార్చాలి.

కాదనడం ఎలా

రిసీవర్‌కు సొంతంగా నిల్వ అంటూ ఏమీ ఉండదు. రిక్వెస్ట్ తీసుకుని, స్పాన్లుగా విప్పి, పైప్‌లైన్‌లో తర్వాతి భాగానికి అందిస్తుంది. అక్కడినుంచి ఏ జవాబు వస్తే దాన్నే ప్రోటోకాల్ భాషలోకి మార్చి క్లయింట్‌కు చెబుతుంది. అందుకే రిసీవర్ ప్రవర్తన రిసీవర్ విభాగంలో కాక, దాని వెనకున్న ప్రాసెసర్ల వరసలో తేలుతుంది. కాన్ఫిగరేషన్‌ను విభాగాలుగా విడదీసి చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఇది కనబడదు.

వరసలో మొదట మెమరీ లిమిటర్ ఉండాలి. దానికి రెండు గీతలుంటాయి. ఒకటి గట్టి హద్దు, రెండోది దానిలోంచి ఉప్పెన కోసం వదిలిన జాగా తీసేయగా మిగిలే మెత్తటి హద్దు. కంటెయినర్ మెమరీలో గట్టి హద్దు 80 శాతం, ఉప్పెన జాగా 25 శాతం అనుకుంటే, వాడకం 55 శాతం దాటగానే కొత్త డేటాను వద్దనడం మొదలవుతుంది. 80 దాటితే దానికితోడు గార్బేజ్ కలెక్షన్‌ను బలవంతంగా నడుపుతుంది. వాడకాన్ని 1 సెకనుకోసారి చూడమని సిఫార్సు. లిమిటర్ వద్దన్నప్పుడు రిసీవర్ జీఆర్‌పీసీలో అన్‌అవైలబుల్ అని, హెచ్‌టీటీపీలో 503 అని జవాబిస్తుంది. రెండూ ‘ఇప్పుడు కాదు, కాసేపాగి రా’ అనే అర్థమిచ్చేవే. క్లయింట్ తన దగ్గరే ఉంచుకుని, వ్యవధి పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నిస్తుంది. డేటాలోనే తప్పుంటే వచ్చే 400 లాంటి జవాబుకు మాత్రం తిరిగి పంపకూడదు, ఎన్నిసార్లు పంపినా అదే తప్పు. కొన్ని స్పాన్లు మాత్రమే చెల్లనివైతే విజయం కోడ్‌తోనే, ఎన్ని తిరస్కరించారో సంఖ్య చెప్పే పాక్షిక విజయమనే మూడో దారి ఓటీఎల్‌పీలో ఉంది. దానికీ తిరిగి పంపకూడదు.

లిమిటర్ తర్వాత బ్యాచ్ ప్రాసెసర్ వస్తే కథ మలుపు తిరుగుతుంది. అది స్పాన్లను తన మెమరీలో వేసుకుని వెంటనే సరే అంటుంది. రిసీవర్ ఆ సరేను క్లయింట్‌కు చేరవేస్తుంది, క్లయింట్ తన కాపీ తుడిచేస్తుంది. అప్పటికి డేటా ఎక్కడికీ వెళ్లలేదు. ఆ క్షణంలో ప్రాసెస్ చచ్చిపోతే, ‘అందింది’ అని చెప్పిన డేటా పోయినట్టే. బ్యాచ్ వెనక ఎక్స్‌పోర్టర్ క్యూ కూడా డీఫాల్ట్‌గా మెమరీలోనిదే. వెనకటి స్టోరేజీ పనిచేయకపోతే ఎక్స్‌పోర్టర్ 5 సెకన్ల ఎడంతో మొదలుపెట్టి, ఎడం 30 సెకన్ల దాకా పెంచుతూ, మొత్తం 5 నిమిషాలు ప్రయత్నించి ఆ బ్యాచ్‌ను వదిలేస్తుంది. క్యూ నిండితే కొత్తవాటిని పారేస్తుంది. మధ్యలో బ్యాచ్ ప్రాసెసర్ ఉంటే ఈ పారవేత సంగతి రిసీవర్‌కు తెలియదు, కాబట్టి క్లయింట్‌కూ తెలియదు. వెనకాల డేటా నేలపాలవుతుంటే ముందు తలుపు దగ్గర అన్నీ విజయాలే.

దీన్ని సరిచేయడానికి ఎక్స్‌పోర్టర్ క్యూను ఫైల్ స్టోరేజ్ ఎక్స్‌టెన్షన్‌తో డిస్క్ మీదికి మార్చవచ్చు. బ్యాచింగ్‌ను ప్రాసెసర్‌లో కాక ఎక్స్‌పోర్టర్ క్యూ దగ్గర చేయవచ్చు, కలెక్టర్ కొత్త వెర్షన్ల మొగ్గు ఇటువైపే ఉంది. అలా చేస్తే రిసీవర్ సరే అనేలోపు డేటా డిస్క్ మీద పడి ఉంటుంది, క్యూ నిండితే ఆ కబురు వెనక్కి క్లయింట్ దాకా వెళుతుంది. దీనికి డిస్క్ వేగం, పాడ్ మారినా నిలిచే వాల్యూమ్ కావాలి. అన్ని ట్రేసులకూ ఇంత శ్రమ అవసరమా అంటే, చాలా చోట్ల కాదు. ఎస్‌డీకే తన దగ్గర 2048 స్పాన్ల క్యూ మాత్రమే ఉంచుకుంటుంది, అది నిండితే నిశ్శబ్దంగా పారేస్తుంది. అప్లికేషన్‌ను మాత్రం ఆపదు. ట్రేసు కోసం అసలు పని ఆగకూడదన్న ఆ సూత్రం సరైనదే. కాబట్టి కొంత నష్టం ఉంటుంది, ఆ నష్టం ఎక్కడ జరుగుతుందో, దాన్ని ఎవరు లెక్కపెడతారో ముందే నిర్ణయించుకోవడం కాన్ఫిగరేషన్ రాసేవాళ్ల పని.

ఒకే రిసీవర్‌ను రెండు పైప్‌లైన్లకు తగిలించినప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నడిచేది ఒకటే రిసీవర్, అది అదే డేటాను రెండింటికీ పంచుతుంది. ఒకదానిలో ప్రాసెసర్ ఆగిపోతే రెండోది కూడా ఆగుతుంది. ఒకటి సరే అని, ఇంకొకటి కాదంటే రిసీవర్ కాదనే చెబుతుంది. క్లయింట్ మళ్లీ పంపుతుంది, మొదటి పైప్‌లైన్‌కు అవే స్పాన్లు రెండోసారి చేరతాయి. ట్రేసు తెర మీద ఒకే స్పాన్ రెండుసార్లు కనిపిస్తే అప్లికేషన్ కోడ్‌ను అనుమానించే ముందు దీన్ని చూడాలి.

లెక్కలు ఎక్కడ సరిపోల్చాలి

కలెక్టర్ తన గురించి తాను 8888 పోర్టులో మెట్రిక్స్ ఇస్తుంది. రిసీవర్ తీసుకున్న స్పాన్లు, కాదన్న స్పాన్లు, ఎక్స్‌పోర్టర్ పంపినవి, పంపలేకపోయినవి, క్యూలో పెట్టలేకపోయినవి, అన్నిటికీ కౌంటర్లు ఉన్నాయి. చాలామంది రిసీవర్ కాదన్న లెక్కకు మాత్రమే అలర్ట్ పెడతారు. అది పెరగడం నిజానికి ఆరోగ్య లక్షణం, కలెక్టర్ తన హద్దు తెలుసుకుని క్లయింట్‌కు చెబుతోందని అర్థం. మరీ ఎక్కువసేపు పెరిగితే కలెక్టర్లు చాలడం లేదని. తీసుకున్న లెక్కకూ పంపిన లెక్కకూ మధ్య తేడా పెరుగుతూ పోవడమే అసలు ప్రమాద సూచన. మధ్యలో శాంప్లింగ్, ఫిల్టర్లు ఉంటే ఆ తేడా కొంత సహజం, కాబట్టి క్యూలో పెట్టలేకపోయిన లెక్కను విడిగా చూడాలి. పరిమాణం వల్ల జీఆర్‌పీసీ పొరలోనే ఆగినవాటికి మాత్రం క్లయింట్ వైపు ఎక్స్‌పోర్ట్ ఎర్రర్లు తప్ప నమ్మకమైన సాక్ష్యం లేదు.

హెల్త్ చెక్ ఎక్స్‌టెన్షన్ 13133 పోర్టులో ఇచ్చే జవాబు ప్రాసెస్ బతికే ఉందని చెబుతుంది, ట్రేసులు చేరుతున్నాయని కాదు. దారి మొత్తాన్ని పరీక్షించాలంటే టెలిమెట్రీజెన్ అనే చిన్న సాధనంతో కొన్ని స్పాన్లు పుట్టించి, పైప్‌లైన్ చివర డీబగ్ ఎక్స్‌పోర్టర్ తగిలించి లాగ్‌లో చూడటం అన్నిటికన్నా తేలిక. ముందు కలెక్టర్ ఉన్న మెషీన్‌లోనే లోకల్‌హోస్ట్‌కు, తర్వాత పక్క పాడ్ నుంచి, ఆపైన అసలు అప్లికేషన్ ఉన్నచోటినుంచి పంపితే అడ్రసు, టీఎల్‌ఎస్, ఫైర్‌వాల్ సమస్యలు ఒక్కొక్కటిగా విడిపోతాయి. క్లయింట్ టీఎల్‌ఎస్‌తో వస్తుంటే రిసీవర్ మామూలు పోర్టు తెరిచి ఉన్నప్పుడు, మొదటి రికార్డు టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్‌లా లేదని గో క్లయింట్ ఎర్రర్ ఇస్తుంది. చాలాసార్లు దాన్ని సర్టిఫికెట్ సమస్యగా పొరబడతారు.

రిసీవర్ ఒకటికన్నా ఎక్కువైతే టెయిల్ శాంప్లింగ్ దగ్గర చివరి చిక్కు ఉంది. ట్రేసు మొత్తం చూశాక ఉంచాలా పారేయాలా అని నిర్ణయించే ఈ పద్ధతికి ఒకే ట్రేస్ ఐడీ ఉన్న స్పాన్లన్నీ ఒకే కలెక్టర్‌కు చేరాలి. మామూలు లోడ్ బ్యాలెన్సర్ ఆ పని చేయలేదు, దానికి ట్రేస్ ఐడీ తెలియదు. అందుకే ముందు వరసలో అందుకునే కలెక్టర్లను, వెనక వరసలో నిర్ణయించే కలెక్టర్లను విడదీసి, మధ్యలో ట్రేస్ ఐడీని బట్టి పంచే లోడ్‌బ్యాలెన్సింగ్ ఎక్స్‌పోర్టర్‌ను పెడతారు. వెనక వరస డీఫాల్ట్‌గా 30 సెకన్లు ఎదురుచూసి నిర్ణయిస్తుంది, 50,000 ట్రేసుల దాకా మెమరీలో ఉంచుకుంటుంది. ముందు వరసలో రీట్రైల వల్ల ఆలస్యమైన స్పాన్ ఆ 30 సెకన్లు దాటాక చేరితే నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. వెనక వరసలో కలెక్టర్లను పెంచినా తగ్గించినా కొన్ని ట్రేస్ ఐడీల చిరునామా మారుతుంది, ఆ కాస్త సమయంలో నడుస్తున్న ట్రేసులు రెండుగా చీలతాయి. కాబట్టి ముందు వరస లోడ్‌ను బట్టి తనంతట తాను పెరిగి తగ్గేలా పెట్టుకోవచ్చు గానీ, వెనక వరస సంఖ్యను ట్రాఫిక్ తక్కువగా ఉన్న వేళ చూసి చేత్తో మార్చడమే నయం.